బెజవాడ ఫ్లాట్ అమ్మి బందరు పొమ్మంటున్న మెసేజ్‌కు జవాబు

రిటైరైనవాళ్ళు ఉన్న ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఇప్పుడు ఒక మెసేజ్ తిరుగుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, పొద్దున్నే వాకింగ్‌కి వెళ్ళేవాళ్ళ గ్రూపులో మళ్ళీ వచ్చింది. అందులో ఉన్నది ఇది: బెజవాడలో ఫ్లాట్ అమ్మెయ్యండి. బందరులో, అంటే మచిలీపట్నంలో, సగం ధరకే సముద్రం పక్కన సొంత ఇల్లు వస్తుంది. మిగిలిన సగం బ్యాంకులో వేసుకుని వడ్డీతో కాలు మీద కాలేసుకుని బతకొచ్చు. సముద్రపు గాలికి ఏసీ అక్కర్లేదు. బుడమేరు వాగు వరద భయం లేదు, సముద్రం పక్కన నీళ్ళు నిలవవు, నేరుగా సముద్రంలోకి పోతాయి. పోర్టు వస్తోంది కాబట్టి విలువ మూడింతలవుతుంది. ఆస్పత్రి కావాలంటే గంటన్నరలో బెజవాడ. నచ్చకపోతే ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. చివర్లో ప్లాట్ల ఫోటో, ఫోన్ నంబరు, సైట్ చూడ్డానికి ఉచిత ఏసీ బస్సు.

మా అమ్మ పుట్టిల్లు బందరే. ఆ ఊళ్ళో హాయిగా బతుకుతున్న చుట్టాలు మాకు బోలెడంతమంది. నా పేచీ అంతా ఆ మెసేజ్ వేసిన లెక్కతోనే.

సముద్రం పక్కన అన్న మాట దగ్గరే మొదలుపెడదాం. ఫోటో చూస్తే కిటికీ తీయగానే అలలు కనిపిస్తాయేమో అనిపిస్తుంది. బందరు ఊరు వేరు, సముద్రం వేరు. అందరూ వెళ్ళే మంగినపూడి బీచ్ ఊరికి పది, పదకొండు కిలోమీటర్ల దూరం. కోనేరు సెంటర్ చుట్టుపక్కల ఇల్లు కొన్నవాళ్ళు కూడా సముద్రం చూడాలంటే బండి తీయాల్సిందే. కాబట్టి నిజంగా అలల పక్కన అంటే ఊరి బయట, బజారుకీ ఆస్పత్రికీ దూరంగా వేసిన లేఅవుట్ అని అర్థం. మెసేజ్‌లో అమ్ముతున్నది కూడా అవే ప్లాట్లు, ఊళ్ళో ఇళ్ళు కావు.

అక్కడే అసలు చిక్కు ఉంది. తీరం దగ్గర ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే సీఆర్‌జెడ్ అనే నిబంధనలు ఉన్నాయి. ఇప్పుడు నడుస్తున్నది 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు పైకి ఎంతవరకు వస్తాయో అక్కడ ఒక గీత గీసి, ఆ గీత నుంచి లోపలికి 500 మీటర్ల వరకు దీని పరిధిలో పెట్టారు. పంచాయతీ ప్రాంతాల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కన్నా ఎక్కువ ఉన్న చోట మొదటి 50 మీటర్లలో, అంతకన్నా తక్కువ ఉన్న చోట మొదటి 200 మీటర్లలో కొత్త ఇల్లు కట్టుకోవడానికి వీల్లేదు. స్థానిక మత్స్యకార కుటుంబాలకు కొన్ని సడలింపులున్నాయి. బెజవాడ నుంచి వెళ్ళి కొనుక్కునేవాళ్ళకు అవి వర్తించవు. పైగా సముద్రం ఒక్కటే కాదు, పోటు నీళ్ళు ఎక్కే మొగలూ (ఏళ్ళు సముద్రంలో కలిసే చోట్లు) కాలువలూ కూడా దీని కిందికే వస్తాయి, బందరు చుట్టూ అలాంటివి కొల్లలు. అంత జనం లేని చోట 'బీచ్‌కి 100 మీటర్లే' అని గొప్పగా చెప్పుకునే ప్లాటులో మీరు కొబ్బరి మొక్క పాతుకోవచ్చేమో గానీ, ఇల్లు కడతామంటే ప్లాన్ రాదు.

'రిజిస్ట్రేషన్ గ్యారంటీ' అంటారు. నిజమే, రిజిస్ట్రేషన్ అవుతుంది. సబ్ రిజిస్ట్రార్ చూసేది దస్తావేజు సరిగ్గా ఉందా, డ్యూటీ కట్టారా, ఆ సర్వే నంబరు 22ఏ నిషేధ జాబితాలో ఉందా అన్నది. అక్కడ ఇల్లు కట్టుకోనిస్తారా అన్నది ఆయన పని కాదు. అమ్మినవాడికి నిజంగా హక్కు ఉందా అన్నది కూడా మీరు లాయరు చేత చూపించుకోవాల్సిందే. తీరం వెంబడి పేదలకు పట్టా ఇచ్చిన అసైన్డ్ భూములు చాలా ఉన్నాయి. వాటి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 20 ఏళ్ళు దాటిన వాటికి పూర్తి హక్కులిస్తూ 2023లో చట్టం మార్చారు, 2024లో ప్రభుత్వం మారాక అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. అంత తిరకాసులో రిటైర్మెంట్ డబ్బు పెట్టడం ఎందుకు?

సరే, ఊళ్ళోనే మంచి ఇల్లు చూసుకున్నారు అనుకుందాం. అప్పుడు సగం ధర అన్నది నిజమవుతుందా?

లెక్క కోసం బెజవాడ ఫ్లాట్ 80 లక్షలకు అమ్మి, బందరులో 40 లక్షలకు ఇల్లు కొన్నారనుకోండి. మెసేజ్ ప్రకారం 40 లక్షలు మిగలాలి. రిజిస్ట్రేషన్ దగ్గరే స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, అంటే 3 లక్షలు పోయాయి. అమ్మేటప్పుడూ కొనేటప్పుడూ బ్రోకరు కమీషన్. సామాను తరలింపు. ఆ తర్వాత ఇంటి రిపేర్లు, వాటి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తీరంలో ఇల్లు కొన్నవాళ్ళ డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే.

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. అది నెమ్మదిగా కాంక్రీటులోకి దిగి లోపలున్న ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును బయటికి నెడుతుంది. స్లాబు కింద పెచ్చులు ఊడి ఊచలు బయటపడ్డం మీరు చూసే ఉంటారు. మన దేశంలో కాంక్రీటు పనికి ప్రమాణం ఐఎస్ 456. దాని ప్రకారం మామూలు వాతావరణంలో ఎం20 (బలాన్ని చెప్పే గ్రేడు) కాంక్రీటు, ఊచల మీద 20 మిల్లీమీటర్ల కవర్, అంటే ఊచలను కప్పే కాంక్రీటు మందం, సరిపోతాయి. తీరపు గాలికి నేరుగా తగిలే కాంక్రీటును మాత్రం అది తీవ్రమైన వర్గంలో పెట్టి కనీసం ఎం30, 45 మిల్లీమీటర్ల కవర్ ఉండాలంటుంది. పాతికేళ్ళ కింద మేస్త్రీ చేతి అంచనాతో కట్టిన ఇంట్లో 45 మిల్లీమీటర్ల కవర్ ఎంతమంది ఇచ్చి ఉంటారు? కాంక్రీటు కలిపిన నీళ్ళు కూడా ముఖ్యమే. ఇనుము వేసిన కాంక్రీటుకు వాడే నీళ్ళలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్ ఉండకూడదని అదే ప్రమాణం చెబుతోంది. పక్కనే వేసిన ఉప్పు బోరు నీళ్ళతో కట్టి, అవే నీళ్ళతో తడిపిన ఇల్లయితే జబ్బు పునాదిలోనే ఉంది. కొత్తగా సున్నం వేసిన ఇంట్లో ఇది పైకి కనపడదు. సన్‌షేడ్ అంచుల కింద, బాత్‌రూమ్ స్లాబు కింద, మేడ మెట్ల అడుగున చూడండి. ఏసీ బయటి యూనిట్లు, గేట్లు, గ్రిల్స్, స్కూటర్లు కూడా అక్కడ తొందరగా తుప్పు పడతాయి.

బోరు నీళ్ళు అన్నాను కాబట్టి ఇంకో మాట. డెల్టా చివర భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. బందరు తాగేది కాలువలో వచ్చే కృష్ణ నీళ్ళే. వేసవిలో కాలువలు కట్టేస్తే ట్యాంకుల్లో నిల్వ ఉన్న వాటితో సర్దుకోవాలి. ప్రకాశం బ్యారేజీ పక్కన ఉండి ఆ నీళ్ళు తాగినవాళ్ళు కాలువ చివరికి వెళ్ళి అవే నీళ్ళ కోసం ఎదురుచూడాలన్నమాట.

బుడమేరు గురించి మెసేజ్ అన్నదాంట్లో ఒక నిజం ఉంది, ఒప్పుకోవాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ భయం పట్టుకున్నవాళ్ళను తప్పుపట్టలేం. కానీ 'సముద్రం పక్కన నీళ్ళు నిలవవు, నేరుగా సముద్రంలోకి పోతాయి' అన్నది మాత్రం తలకిందుల మాట. బుడమేరు నీళ్ళు కొల్లేటికి పోతాయి, కొల్లేటి నుంచి ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. సముద్రం పోటు మీద ఉంటే ఉప్పుటేరు నీళ్ళు కదలవు. తీరంలో ప్రతి మురుగు కాలువ సంగతీ ఇదే. వాన పడుతున్నప్పుడే తుఫాను సముద్రాన్ని పైకి లేపితే ఊళ్ళో నీళ్ళు ఎక్కడికి పోతాయి?

ఇక ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనకు బందరు, దాని చుట్టుపక్కల దాదాపు 30 వేల మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది పోయారు. ఆ రోజులు ఇప్పుడు లేవు. ముందస్తు హెచ్చరికలు, షెల్టర్లు, ఖాళీ చేయించడం వల్ల ప్రాణనష్టం బాగా తగ్గింది. మిగ్‌జాం తుఫాను 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటింది, మొంథా 2025 అక్టోబరులో నర్సాపురం దగ్గర దాటింది. బందరు సరిగ్గా ఆ రెండిటి మధ్య ఉంది. మనుషులను బస్సెక్కించి తరలిస్తారు, ఇంటిని తరలించలేరు కదా. వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళు ఇంటికి ఇన్సూరెన్స్ తీసుకోండి. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష పేరుతో అన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలూ ఒకే రకం పాలసీ ఇస్తున్నాయి, అందులో తుఫాను, వరద రెండూ ఉన్నాయి. ఆ మెసేజ్‌లో ఈ ముక్క లేదు, ఉంటే తుఫాను గుర్తొస్తుందని కాబోలు.

పోర్టు వస్తోంది, విలువ మూడింతలు అన్న మాటకు నేను నవ్వుకున్నాను. బందరు పోర్టుకు 2008లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. 2019లో ఇంకో ముఖ్యమంత్రి చేశారు. 2023లో మూడో ఆయన చేశారు. మూడోసారి పనులు నిజంగానే మొదలయ్యాయి, అది కాదనను. కానీ 2008లో 'పోర్టు వస్తోంది' అని ప్లాటు కొన్నవాడు రెండో శంకుస్థాపన చూడ్డానికే పదకొండేళ్ళు ఆగాడు. అరవై దాటినవాళ్ళకు పదకొండేళ్ళంటే ఎంతో నేను చెప్పక్కర్లేదు. ఇలాంటి పాఠం మనకు పక్కనే ఉంది. రాజధాని ప్రకటించాక తుళ్ళూరు చుట్టుపక్కల ధరలు ఎలా లేచాయో, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఎలా పడ్డాయో బెజవాడలోనూ గుంటూరులోనూ తెలియనివాళ్ళు లేరు. ప్రాజెక్టు మీద పందెం కాయడం వేరు, ఉండడానికి ఇల్లు కొనడం వేరు. ఇంకోటి, పోర్టు వచ్చిందే అనుకోండి, దాంతోపాటు రాత్రింబవళ్ళు లారీలు వస్తాయి. ప్రశాంతమైన సముద్రతీరమూ, జోరుగా నడిచే పోర్టూ ఒకే ప్లాటుకు రెండు లాభాలుగా రాసినవాడి ధైర్యానికి దండం పెట్టాలి.

ఏసీ సంగతి క్లుప్తంగా. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరిగితే హాయిగానే ఉంటుంది. కానీ రోహిణి కార్తెలో పడమటి గాలి గట్టిగా వీస్తే సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోరోజు రానే రాదు. ఉక్కపోత సరేసరి. ఏసీ పెట్టుకుంటారు, యూనిట్ రేటు బెజవాడలో ఉన్నదే.

గంటన్నరలో ఆస్పత్రి అన్నది రోడ్డు మీద చూస్తే అబద్ధం కాదు. నాలుగు లైన్ల రోడ్డు వచ్చాక కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా ప్రయాణం సుఖంగానే ఉంది. బందరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. మోకాళ్ళ నొప్పికో కంటి పరీక్షకో బెజవాడ రావడం ఇబ్బందేమీ కాదు. పక్షవాతం వస్తే మాత్రం, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. గుర్తించడానికి, బండి దొరకడానికి, బెజవాడలో బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటడానికి, స్కానింగ్‌కి పట్టే టైము అందులోంచే పోతుంది.  మెసేజ్ రాసినవాళ్ళు ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ళ మనిషిని చూసి రాశారు, ఆ ఇంట్లో ఉండాల్సింది డెబ్బై అయిదేళ్ళ మనిషి కూడా.

ఇక 'నచ్చకపోతే ఎప్పుడైనా అమ్ముకోవచ్చు'. ఈ ఒక్క వాక్యమే చాలామందిని ముగ్గులోకి దింపుతోంది. పాత ఫ్లాట్ అమ్మిన లాభం మీద పన్ను తప్పించుకోవడానికి అందరూ వాడేది ఆదాయపు పన్నులో సెక్షన్ 54గా తెలిసిన మినహాయింపు. ఆ లాభంతో రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొనాలి, లేదా మూడేళ్ళలో కట్టుకోవాలి. ఖాళీ ప్లాటు కొని ఊరుకుంటే అది చెల్లదు, గడువులోగా దానిమీద ఇల్లు లేవాలి. పైన చెప్పిన తీర నిబంధనల వల్ల ప్లాన్ రాకపోతే ఇల్లూ లేదు, మినహాయింపూ లేదు. సరే ఇల్లే కొన్నారు, ఏడాది తిరిగేసరికి మనసు మారింది, అమ్మేశారు. కొత్త ఇంటిని మూడేళ్ళ లోపు అమ్మితే మొదట మిగుల్చుకున్న పన్ను మినహాయింపు వెనక్కి పోతుంది. మళ్ళీ బెజవాడలో ఇల్లు కొనాలంటే మళ్ళీ ఏడున్నర శాతం. పైగా ఈలోగా బెజవాడ ధర మీ కోసం ఆగి ఉండదు, బందరులో కొనేవాడు దొరకడానికి ఎన్ని నెలలు పడుతుందో తెలీదు.

బందరు మీద మనసు ఉన్నవాళ్ళు వెళ్ళండి, కానీ ఫ్లాట్ అమ్మకుండా వెళ్ళండి. దాన్ని అద్దెకిచ్చి, ఆ డబ్బుతో బందరులో మామూలుగా రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఇల్లు అద్దెకు తీసుకోండి. ఏప్రిల్‌లో దిగితే ఎండాకాలం, కాలువ కట్టేసే రోజులు, వానలు, అక్టోబరు నవంబరు తుఫానులు అన్నీ ఆ పదకొండు నెలల్లో వచ్చిపోతాయి. ఆ తర్వాత కూడా ఉండాలనిపిస్తే అప్పుడు కొనుక్కోవచ్చు, అప్పటికి మంచి వీధేదో, నీళ్ళు నిలిచే వీధేదో మీకే తెలుస్తుంది.

ఉచిత ఏసీ బస్సు ఎక్కాలనుకుంటే ఎక్కండి, ఎవరూ వద్దనరు. చెక్కు బుక్కు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళండి. అక్కడ దిగాక వాళ్ళను నాలుగు కాగితాలు అడగండి: ముడా (మచిలీపట్నం పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన లేఅవుట్ అప్రూవల్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు, ముప్పై ఏళ్ళ ఈసీతో (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) పాటు లింకు దస్తావేజులు, ఆ సర్వే నంబరు సీఆర్‌జెడ్ మ్యాపులో ఎక్కడ పడుతుందో చూపించే కాపీ. నాలుగోది అడిగితే 'అదంతా తర్వాత చూసుకుందాం సార్, ముందు టోకెన్ వేసేయండి' అన్నారంటే భోజనం పెట్టేదాకా ఆగి, తిని వచ్చెయ్యండి.