తీగ మొన ఎక్కడ దిగింది?

పేస్‌మేకర్ పెట్టించుకున్న రోగికి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు తప్పకుండా ఉంటాయి. తీగ మొన గుండెలో ఎక్కడ దిగిందన్న సంగతి మాత్రం ‘ఆర్‌వీ లీడ్’ (కుడి జఠరికలో తీగ) అన్న రెండు ముక్కలతో సరిపెడతారు. అసలు చూడాల్సింది అక్కడే.

సహజంగా విద్యుత్ సంకేతం గుండె పై గదులకూ కింది గదులైన జఠరికలకూ మధ్యనున్న ఏవీ నోడ్ దాటి, సంకేతాన్ని మోసే పోగుల కట్ట అయిన హిస్ కట్ట మీదుగా కుడి, ఎడమ శాఖల్లోకి దిగుతుంది. జఠరికలు రెండూ ఒక్కసారే బిగుస్తాయి. ఈసీజీలో జఠరికల్లో సంకేతం పాకడాన్ని చూపే క్యూఆర్‌ఎస్ గీత 120 మిల్లీసెకన్లలోపే ముగుస్తుంది. కుడి జఠరిక అడుగున నాటిన తీగ నుంచి వచ్చే సంకేతం ఈ దారి వదిలేసి, పొలం గట్ల మీద నడిచినట్టు కండరంలోంచి పాకుతుంది. ఎడమ గోడ వెనకబడుతుంది. అందరికీ హాని జరగదు. కానీ గుండె లయను మొదలుపెట్టే సైనస్ నోడ్ జబ్బున్నవారిలో, మొత్తం స్పందనల్లో 40 శాతానికి మించి జఠరికను పేస్ చేస్తే (తీగతో కొట్టిస్తే) గుండె వైఫల్యంతో ఆస్పత్రి పాలయ్యే ముప్పు పెరుగుతుందని 2003లో ‘మోస్ట్’ అనే పేస్‌మేకర్ అధ్యయన విశ్లేషణ తేల్చింది.

2000లో హిస్ కట్టనే పేస్ చేసిన అనుభవం ప్రచురితమైంది. ఆలోచన గొప్పదే గాని గురి చాలా చిన్నది. కొందరిలో కాలం గడిచేకొద్దీ ఎక్కువ వోల్టేజి కావాల్సి వచ్చి బ్యాటరీ తొందరగా అరిగేది. 2017లో చైనాలోని వెన్‌ఝౌ వైద్యులు తీగను ఇంకాస్త కిందకి దించి, రెండు జఠరికల నడిమి గోడలోకి బిగించి, ఎడమ శాఖను అందుకున్నారు.

పని అంతా ఆ బిగింపులోనే ఉంది. హిస్ జాడకు ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్ల దిగువన, ఈసీజీలో ఛాతీ కుడివైపు లీడ్ అయిన వీ1లో ‘డబ్ల్యూ’ ఆకారం కనిపించిన చోట, తీగను నడిపించే తొడుగును గోడకు నిటారుగా ఆనించి తీగను తిప్పాలి. తీగ లోపలికి పోయేకొద్దీ ‘డబ్ల్యూ’ నడిమి గంటు పైకి, చివరికి జరిగి, వీ1 చివర ఆర్ తరంగం (పైకి లేచే గీత) తేలుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో చుట్టు అత్యాశకు పోతే మొన ఎడమ జఠరికలోకి తేలుతుంది: ఇంపిడెన్స్ (విద్యుత్ అవరోధం) ఒక్కసారిగా పడిపోతుంది, పేసింగ్ పట్టు తప్పుతుంది. అప్పుడు కాస్త వెనక్కి లాగి సర్దుకోవడం కాదు, తీగ తీసి మరోచోట బిగించాలి. లేదంటే అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరే ప్రమాదముంది. గోడ మచ్చకట్టి గట్టిపడితే తీగ తిరుగుతుంది తప్ప ముందుకు కదలదు.

తీగ గోడలో లోతుగా దిగినా ఎడమ శాఖ అందిందని కాదు. పేసింగ్ సంకేతం నుంచి, ఛాతీ ఎడమవైపు లీడ్ అయిన వీ6లో ఆర్ శిఖరానికి పట్టే సమయం, సన్నని క్యూఆర్‌ఎస్ ఉన్నవారిలో, 75 మిల్లీసెకన్ల లోపుంటే నమ్మకం కలుగుతుంది. ఈ కొలత తీయకుండా ‘ఎడమ శాఖ పేసింగ్’ అని రాయడం మాకు సమ్మతం కాదు.

అందరికీ ఇదే చేయాలనీ కాదు. ఏవీ నోడ్ బాగున్నవారికి అనవసర జఠరిక పేసింగ్‌ను తప్పించే ప్రోగ్రామింగ్ చాలు. పంపింగ్ (ఎడమ జఠరిక ఒక్కో స్పందనకు తనలోని రక్తంలో బయటకు నెట్టే వంతు) 36–50 శాతం మధ్య ఉండి, పేసింగ్ గణనీయంగా అవసరమయ్యేవారికి సహజ దారిని కాపాడే పద్ధతి సబబని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏళ్ల తర్వాత గోడలోంచి తీగను పెరకడం ఎంత తేలికో ఇంకా తేలాల్సి ఉంది.

పన్నెండు లీడ్ల ఈసీజీ, వీ6 సమయం, ఇంపిడెన్స్, పేసింగ్ థ్రెషోల్డ్ (గుండెను కొట్టించడానికి కావలసిన కనీస వోల్టేజి): ఈ నాలుగూ డిశ్చార్జి కాగితంపై ఉండాలి. ఆరోగ్యశ్రీ క్లెయిములకూ ఇదే షరతు పెట్టవచ్చు. ఈసీజీ యంత్రం ఎలాగూ థియేటర్‌లోనే ఉంటుంది.