సవరణ: గంజాయి కేసుల్లో శిక్ష గురించి

మొన్నటి పోస్టులో "గంజాయి ఎంత దొరికినా కనీసం పదేళ్ల జైలు" అని రాశాను. అది తప్పు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం), పరిమాణాలపై కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ చూసి సరిచేస్తున్నాను. కిలో లోపు దొరికితే ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితేనే కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20. ఈ రెంటి మధ్య అయితే 10 ఏళ్ల వరకు వేయొచ్చు, కనీస శిక్ష అంటూ లేదు.

నేను బాధపడిన విషయం మాత్రం అలాగే ఉంది. శిక్షను తేల్చేది ముఖ్యంగా బరువే. విశాఖ మన్యం నుంచి కూలికి మూటలు మోసే కుర్రాడి దగ్గర 20 కిలోలు దాటితే, ఇదే చట్టంలోని సెక్షన్ 37 వల్ల బెయిలు దొరకడమే కష్టం. నిషేధంతో పెరిగిన ధరలో లాభం తీసుకునేది మూట ముట్టుకోని వ్యాపారి. పాత పోస్టులో ఆ తప్పు వాక్యం మార్చాను.