మహారాజశ్రీ 'కొలెస్ట్రాల్ ఫ్రీ' ముద్ర గారికి

నూనె ప్యాకెట్ మీద కొలువైన తమకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ. కానీ ఇవాళే రక్తంలో కొవ్వులు లెక్కగట్టే లైపిడ్ ప్రొఫైల్ రిపోర్టు వచ్చింది: చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 162, రక్తంలో తిరిగే మరో కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 310, రెండూ ఎక్కువే. నూనె తగ్గించమన్నారు డాక్టరు గారు. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ బజ్జీల వాయి దించుతూనే తమర్ని నా మొహం ముందు పెట్టింది. "ఇందులో కొలెస్ట్రాల్ లేదండీ. ఇంత లావున రాసుంటే మీకెందుకు టెన్షన్?"

తమరు అబద్ధం రాశారని అనలేను. కొలెస్ట్రాల్ ఉండేది మాంసం, గుడ్లు, పాలు, నెయ్యి లాంటి వాటిలో. వేరుశనగలో, పొద్దుతిరుగుడులో చెప్పుకోదగ్గంత ఏనాడూ లేదు. బట్టతలాయన తనకు చుండ్రు లేదని బోర్డు పెట్టుకున్నట్టుంది తమ వరస.

పామోలిన్ మీదా తమరే, కొబ్బరినూనె మీదా తమరే! పామోలిన్‌లో 40 శాతం పైగా, కొబ్బరినూనెలో 90 శాతం దాకా నెయ్యిలో మెండుగా ఉండే సంతృప్త కొవ్వే కదండీ. అది ఎక్కువైతే రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాగేసే పనిలో కాలేయం మందగిస్తుంది. అసలు ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్లు తయారుచేసుకునేదే, ప్యాకెట్‌లోంచి రానక్కర్లేదు. ఆ సంతృప్త కొవ్వు లెక్క మాత్రం వెనక అతుకు దగ్గర, చీమ తలకాయంత అక్షరాల్లో.

పన్నెండు గంటలు కడుపు మాడ్చి, తీరా వెళ్తే ఇంకో గంట కూర్చోబెట్టిన ల్యాబుకు వేరే ఉత్తరం రాస్తాను. వెల్లుల్లి రసంతో బ్లాకులు కరుగుతాయని వాట్సాప్‌లో పంపే బాబాయికి రాయను. ఆయన చదవరు, పంపుతారంతే. ట్రైగ్లిజరైడ్స్‌లో తెల్లన్నానికీ మిఠాయిలకీ వాటా ఉంది, ఆ పాపం మొత్తం తమకు అంటగట్టను.

కానీ పక్కన ఆ ఎర్ర గుండె బొమ్మ ఎందుకయ్యా నీకు? ఎవరడిగారు? మూకుట్లో మిగిలిన నూనె వడగట్టి, స్టీలు గిన్నెలో పోసి మూతపెట్టి, రేపు పోపుకి, ఎల్లుండి అప్పడాలకి వాడే ఇళ్లు మావి. నల్లబడినా పారబొయ్యం. ఆ బొమ్మ చూసుకునే కదా మా ఇంట్లో చెయ్యి అంత ధారాళంగా వంగుతోంది! ఏ నూనె అయినా పెద్ద చెంచాకి 120 కేలరీల దాకా ఉంటాయి. దమ్ముంటే అది రాయి, ఆ గుండె ఉన్నచోట, అంతే లావున.

ఇట్లు,
రాత్రి భోజనం తర్వాత కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర అటోర్వాస్టాటిన్ 10 వేసుకోవలసినవాడు