సంఘ సభ్యత్వపు రిజిస్టరు గారికి

అయ్యా,

సభ్యుడు నంబరు 212 వందనాలతో రాయునది.

నేనెవరో మీకు చెప్పక్కర్లేదు. పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, చందా కట్టిన నెలలు, కట్టని నెలలు అన్నీ మీ కడుపులోనే ఉన్నాయి. ఒక్కటి మాత్రం మీలోకి ఎక్కలేదు. మొన్నామధ్య నా కాలు విరిగింది.

మెట్ల మీద జారాను. విరిగింది కాలే అయినా నోరు అరిచింది, చేతులు వెళ్లి దాన్ని పట్టుకున్నాయి, కళ్లు నీళ్లు పెట్టుకున్నాయి, రాత్రంతా ఒళ్లు నిద్రపోలేదు. ఎవరూ మీటింగు పెట్టలేదు, తీర్మానం చెయ్యలేదు. అపొస్తలుడు పౌలు కొరింథు ఊరి సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలో చెప్పింది అచ్చంగా ఇదే. మీరందరూ ఒకే శరీరం, ఒక అవయవానికి నొప్పి వస్తే అన్నిటికీ వచ్చినట్టే అన్నాడు. తెలుగు బైబిలు కూడా నిజాయితీగా 'అవయవములు' అనే రాసింది. వాటిని సభ్యులుగా మార్చింది మీరే. అవయవానికి నంబరుండదు, బాకీ ఉండదు. మూడు నెలలు కట్టలేదని కాలిని ఎవరూ శరీరంలోంచి తీసెయ్యరు.

నేను 11 ఆదివారాలు రాలేదు. పన్నెండో వారం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎంత సంతోషపడ్డానో! తెరిచి చూస్తే చందా బాకీ. పోనీలెండి, శరీరానికి నొప్పి తెలిసింది, కాకపోతే జేబు దగ్గర తెలిసింది.

పాత రోజులన్నీ బంగారమని నేననను. అదే కొరింథులో ప్రభువు బల్ల విందులో డబ్బున్నవాళ్లు ముందే వచ్చి తిని తాగేస్తే, లేనివాళ్లు ఆకలితో కూర్చునేవాళ్లు. పౌలు గట్టిగానే తిట్టాడు. కానీ అక్కడ ఆకలితో ఉన్నవాడు కనీసం కళ్లెదుట ఉన్నాడు. నేను మీలో ఒక గడినయ్యాను.

మీ వంశవృక్షం కూడా చూశాను. సంఘం పుట్టిన పెంతెకొస్తు పండుగ నాడు దాదాపు 3000 మంది చేరారని అపొస్తలుల కార్యాల్లో ఉంది, వాళ్ల పేర్ల జాబితా మాత్రం లేదు. ఇంగ్లండులో 1538లో రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి పారిష్‌లోనూ, అంటే ప్రతి చర్చి పరిధిలోనూ, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ వేశాడు. 1563లో కేథలిక్కుల ట్రెంటు మహాసభ కూడా బాప్తిస్మానికీ పెళ్లికీ పుస్తకాలు పెట్టమంది. అంటే సంఘం పుట్టాక సుమారు పదిహేను వందల ఏళ్లకు గానీ మీ రోజులు రాలేదు. మీకు కాస్త గర్వముంటే ఉండనివ్వండి, రాజుగారి మంత్రి చేతిలో పెరిగినవారు.

గోడల గర్వం మాత్రం మీకంటే పాతది. నాలుగో శతాబ్దంలో రోములో విక్టోరినస్ అని పెద్ద పండితుడుండేవాడు. నేను లోలోపల క్రైస్తవుణ్ణే అని స్నేహితుడికి చెప్పేవాడు. చర్చిలో చూస్తేనే నమ్ముతానని స్నేహితుడు. 'అయితే క్రైస్తవుల్ని చేసేది గోడలా?' అని ఈయన నవ్వేవాడట. ఆ కాలపు క్రైస్తవ గురువు అగస్టీను రాసిపెట్టిన ముచ్చట ఇది. నాకు చాలా నచ్చింది, చర్చికి పోని నా బంధువులకు ఇంకా నచ్చుతుంది. కాబట్టి మిగతా సగం కూడా చెప్పాలి. నవ్విన పండితుడే చివరికి వెళ్లి, అందరి ముందూ విశ్వాసం ఒప్పుకుని బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంటరిగా మంచంలో పడుకున్న 11 ఆదివారాల్లో నాక్కూడా అర్థమైంది. గోడలు నాకేమీ చెయ్యలేదు గానీ గోడల మధ్య మనుషులు కావాలనిపించింది.

లెక్క పెట్టడమే తప్పని నేననడం లేదు. వంద గొర్రెల కాపరి కూడా లెక్క పెట్టుకునే ఉంటాడు. లేకపోతే ఒకటి తగ్గిందని ఎలా తెలుస్తుంది? అయితే ఆయన తొంభై తొమ్మిదిని వదిలి బయల్దేరాడు. మీ లెక్క వార్షిక నివేదికలో చేరి చప్పట్లు కొట్టించుకుని కూర్చుంది.

నా దగ్గరికి ఒకాయన వచ్చాడు. వారానికి రెండుసార్లు వచ్చి, అంట్లు తోమి, దుప్పటి మార్చి, కాసేపు ప్రార్థన చేసి వెళ్లేవాడు. ప్రార్థన కొంచెం పొడుగే, అది వేరే సంగతి. సంఘం లెక్కలు చూపించమని రెండేళ్ల క్రితం సభలో లేచి అడిగాడని మీరు ఎర్రసిరాతో కొట్టేసిన మనిషే ఆయన.

పోయిన ఆదివారం ఊతకర్రతో వచ్చాను. పెద్దలు మిమ్మల్ని నా ముందు పెట్టి, బాకీ కట్టినట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టాను. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, ఆయన పేరు మీది గీతను బొటనవేలితో రుద్ది చూశాను. పోలేదు. వేలికి మాత్రం కొంచెం ఎరుపంటుకుంది.

ఇట్లు,
నంబరు 212
(ఎడమ కాలు)