గుండు శ్రీనివాసులు ఎవరండీ?

మొన్న రాత్రి నడుము ఎడమ పక్కన మొదలైన నొప్పి తెల్లారేసరికి గజ్జల్లోకి దిగింది. ఆటో, ఎయిర్ బైపాస్ రోడ్డు దగ్గర ఒక ఆసుపత్రి, క్యాజువాలిటీలో ఇంజెక్షన్. "కిడ్నీలో రాయి జారినట్టుంది, కేయూబీ స్కాన్ తీయించండి" అన్నారు డాక్టరుగారు, నా మొహం చూడకుండానే. కిడ్నీల నుంచి మూత్రాశయం దాకా చూసే స్కాన్ అట అది. ఆసుపత్రి పేరు చెప్పను. రాయి మళ్లీ రాదని గ్యారంటీ లేదు కదా.

స్కానింగ్ గది బయట కూర్చున్న అమ్మాయి లీటరు బాటిల్ చేతికిచ్చి "మొత్తం తాగేయండి సార్, బ్లాడర్ ఫుల్ అయినాక చెప్పండి" అంది. మూత్రాశయం నిండితే పేగులు పక్కకి జరిగి, వెనకున్నవన్నీ స్కాన్‌లో తేటగా కనిపిస్తాయట. తాగాను. నిండింది. చెప్పాను. "కూర్చోండి, పిలుస్తాం" అంది.

ఆ పిలవడం దగ్గరే వచ్చింది గొడవంతా.

నా పేరు శ్రీనివాసులు. తిరుపతిలో ఏ వరండాలో నిలబడి ఆ పేరు పిలిచినా ఇద్దరు ముగ్గురు తలలు తిప్పుతారు. మిగిలినవాళ్లు వెంకటేశులో, బాలాజీలో, గోవిందయ్యలో అయి ఉంటారు. ఈ ఊళ్లో ఆసుపత్రి పెట్టినవాళ్లకి ఆ సంగతి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. అందుకే ఫైలు మీద పొడుగాటి నంబరు వేశారు, దాని కింద బార్‌కోడ్ అంటించారు, అదే నంబరుతో చేతికి ఒక పట్టీ కూడా కట్టారు. బిల్లు కట్టించుకునేటప్పుడు తప్ప దాన్ని చూసిన పాపాన ఎవరూ పోలేదు.

తలుపు తెరుచుకుంది. "శ్రీనివాసులు!"

ముగ్గురం లేచాం. వాళ్లిద్దరూ మామూలుగా లేచారు. నేను గోడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి లేచాను. వార్డ్ బాయ్ మా ముగ్గుర్నీ చూశాడు, చేతిలో ఫైలు చూశాడు. నంబరు వాడి బొటనవేలి కిందే ఉంది. వేలు తీయకుండానే లోపలికి వెళ్లి ఎవరినో అడిగి, ఈసారి పక్కా సమాచారంతో తిరిగొచ్చాడు.

"గుండు శ్రీనివాసులు!"

పోయిన వారమే కొండమీద మొక్కు తీర్చుకున్నాను, గుండు ఉన్న మాట నిజమే. కానీ బాబూ, ఇది తిరుపతి! కల్యాణకట్ట నుంచి వచ్చినవాళ్లతో నిండిపోయే ఊళ్లో గుండు కూడా ఒక గుర్తేనా? ఆ వరండాలో జుట్టున్నవాళ్లే మైనారిటీ. నేను అడుగు వేసేలోపే, గుండుకి రాసుకున్న చందనం ఇంకా ఆరని పెద్దాయన ఒకరు చకచకా లోపలికి నడిచిపోయారు. తలుపు మూసుకుంది. గట్టిగా ఒక కేక వేయకపోయావా అంటుంది మా ఆవిడ. ఆ పరిస్థితిలో గట్టిగా కేక వేస్తే ఏమవుతుందో ఆవిడకేం తెలుసు?

మళ్లీ కూర్చున్నాను. కూర్చోవడం కూడా సులువేం కాదు, కుర్చీ అంచున ఒక పక్కకి ఒరిగి కూర్చోవాలి. పెద్దవాళ్ల మూత్రాశయంలో 400 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుందని ఎక్కడో చదివాను. రాసినవాళ్లు నన్ను చూడలేదు. నా లోపల కల్యాణి డ్యాం నిండిపోయి ఉంది, గేట్ల దగ్గర నేనొక్కణ్ణే కాపలా. ఎదురుగా టీవీలో ఎస్వీబీసీ, అందులో తెప్పోత్సవం. పుష్కరిణిలో నీళ్లు అలా కదులుతున్నాయి, కదులుతున్నాయి. చూపు తిప్పితే వాష్ బేసిన్, దాని కొళాయి చుక్క చుక్కగా కారుతోంది. ఇక మిగిలింది గోడ మీద బోర్డు. లింగ నిర్ధారణ పరీక్షలు ఇక్కడ చేయబడవు, చట్టరీత్యా నేరం. 1994 నాటి ఆ చట్టం గురించి వాళ్లు రాసిందంతా ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినప్పుడు కూడా నేను ఇన్ని గోవిందలు అనలేదు.

"ఇంకెంతసేపమ్మా?"

"ఓపిక పట్టండి సామీ, మీరే కదా ఇందాక లోపలికి పోయింది?"

"నేను కాదు తల్లీ, అది వేరే గుండు."

ఆ పిల్ల నా తల వైపు అనుమానంగా చూసింది.

ఇంతలో పెద్దాయన బయటికొచ్చారు, పొట్ట మీద జెల్ తుడుచుకుంటూ. "నీళ్లు తాగకుండా ఎందుకొచ్చినావని తిట్టినారు సామీ. పరగడుపున రమ్మనింది వాళ్లే కదా!" అన్నారు. ఆయనకి తీయాల్సింది పిత్తాశయం స్కాన్. దానికి ఏమీ తినకుండా రావాలి, పాపం అలాగే వచ్చారు. ఇప్పుడాయన చేతిలో నిండు లీటరు బాటిల్ ఉంది.

అది నా ఫైలు అని లోపలివాళ్లకి అర్థమయ్యేసరికి స్కాన్ డాక్టరుగారు టిఫిన్‌కి వెళ్లిపోయారు.

ఆ టిఫిన్ సమయం గురించి రాయను. ఎవరూ అడగవద్దు. మొత్తానికి నా పొట్ట మీద కూడా చల్లటి జెల్ పడింది, దాని మీద ఆయన మెషిన్ పెట్టి, సరిగ్గా నొక్కకూడని చోట గట్టిగా నొక్కి "వెరీ గుడ్, బాగా ఫుల్‌గా ఉంది" అని మెచ్చుకున్నారు. ఈ వయసులో పరీక్షలో నాకొచ్చిన ఏకైక వెరీ గుడ్ అది. రాయి 5 మిల్లీమీటర్లట. అంత చిన్నవి చాలావరకు నీళ్లు తాగుతూ ఉంటే వాటంతట అవే పడిపోతాయట.

రిపోర్టుల కౌంటర్ దగ్గర నిలబడి పేరు చెప్పాను.

"ఇందాకే ఇచ్చేసినాం కద సార్, గుండాయనకి."

"ఆయనేరీ?"

"పీలేరు బస్సుకి టైమయిందని పోయినారు. డూప్లికేట్ కావాలంటే బిల్లింగ్‌లో 100 రూపాయలు కట్టండి."

కోపంతో చొక్కా చెయ్యి పైకి లాగి, చేతికున్న పట్టీ ఆయన కళ్ల ముందు పెట్టాను.

"అదేం అవసరం లేదు సార్. పేరు చెప్పండి చాలు."