పక్క మ్యాట్ వైపు చూడాలా, వద్దా?

యోగా తరగతిలో తోటి స్త్రీలను చూసి స్ఫూర్తి పొందడం సాధనకు మేలా, చేటా అన్నది ఇక్కడి వాదం. వాదిస్తున్న ఇద్దరూ ఆసనాలు నేర్పేవాళ్లే. పెద్దదైన శారద చూడమంటుంది, నళిని వద్దంటుంది.

నళిని: అక్కా, నా అభ్యంతరం ముందే చెప్పేస్తాను. పక్కావిడ పశ్చిమోత్తానాసనంలో, అంటే కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగి, నుదురు మోకాళ్లకు ఆనించింది. అది చూసి ఈవిడ పాదాలు పట్టుకుని కిందికి గుంజుకుంటుంది. నుదురు ఆనుతుంది, నిజమే. కానీ వంగాల్సిన తుంటి దగ్గర వంగలేదు, నడుము గుండ్రమైపోయింది. బరువంతా నడుం డిస్కుల మీదా, తొడ వెనక కండరం పిరుదు ఎముకకు అతుక్కునే చోటా పడుతుంది. కొన్ని వారాలకు గట్టి కుర్చీలో కూర్చుంటే పిరుదు కింద ఒకేచోట పోటు మొదలవుతుంది. పట్టేసిందనుకుని ఇంకా సాగదీస్తుంది, అది ఇంకా ముదురుతుంది.

శారద: ఆ పోటుకు మందేమిటో కూడా చెప్పు.

నళిని: సాగదీయడం ఆపాలి. ముందుకు వంగే ప్రతి ఆసనంలో మోకాళ్లు మడవాలి. దానికి బదులు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే సేతుబంధాసనం 20 నుంచి 30 సెకన్లు పట్టి నిలపాలి, అలా 4 లేదా 5 సార్లు, నొప్పి పెరగనంత వరకే. ఆ కండరానికి కావలసింది బలం. అయినా తగ్గడానికి నెలలు పడుతుంది.

శారద: బాగా చెప్పావు. అయితే ఆ తప్పు చూడటం వల్ల జరగలేదు నళినీ, ఏం చూడాలో ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగింది. ఆవిడ నుదుటిని చూసింది, నడుమును చూడలేదు. పక్కావిడ పిరుదుల కింద మడత దుప్పటి వేసుకుని కూర్చుందా, మోకాళ్లు కాస్త మడిచిందా, ఊపిరి సాఫీగా సాగుతోందా? ఇవి చూడమని చెబితే ఆ పక్క మ్యాటే పాఠమవుతుంది.

నళిని: ఎముకలు వేరైతే ఆ పాఠం ఏ పనికొస్తుంది? తుంటి గిన్నె, అంటే తొడ ఎముక తల అమరే గుంట, ఒకరికి ముందుకు తిరిగి ఉంటుంది, ఇంకొకరికి పక్కకు. తొడ ఎముక మెడ కోణం కూడా మనిషి మనిషికీ మారుతుంది. తుంటి బయటికి తిరగనివాళ్లు పద్మాసనానికి పట్టుబడితే ఆ మెలి మోకాలు తీసుకుంటుంది. లోపలి వైపు మృదులాస్థి దెబ్బతింటే అది ఆసనాలతో మానేది కాదు. ఏళ్ల తరబడి సాధన చేసినా కొందరికి పద్మాసనం రాదు. అది సోమరితనం కాదు, ఎముక కట్టడి.

శారద: కండరం ఆపుతోందో ఎముక ఆపుతోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మాలాసనమే తీసుకో. గొంతుక్కూర్చుంటే మడమలు లేస్తున్నాయి. పిక్కలో లాగుతుంటే అది కండరం, సాధనతో కొంత వదులవుతుంది. చీలమండ ముందు భాగంలో అడ్డు తగిలినట్టు ఉంటే అక్కడ ఎముకకు ఎముక ఆనుతున్నట్టే, దాన్ని నెట్టకూడదు. మడమల కింద చుట్టిన దుప్పటి పెట్టి హాయిగా కూర్చోవచ్చు. తుంటికీ ఇదే లెక్క: తొడ వెనకో లోపలో లాగితే ఒక మాట, గజ్జ దగ్గర నొక్కినట్టుంటే వేరే మాట. మడమ కింద దుప్పటి పెట్టుకుని కూర్చున్న ఒకావిణ్ణి చూస్తే నలుగురు సిగ్గుపడకుండా దుప్పటి తెచ్చుకుంటారు. గురువు పదిసార్లు చెప్పినా తేనివాళ్లే, ఆవిణ్ణి చూసి తెచ్చుకుంటారు.

నళిని: కానీ జనం ఎవరిని ఆదర్శంగా పెట్టుకుంటారో చూడండి. దుప్పటి వేసుకున్నావిణ్ణి కాదు, కీళ్లు వదులుగా ఉన్నావిణ్ణి. మోచెయ్యి వెనక్కి వంగుతుంది, బొటనవేలు ముంజేతికి తగులుతుంది, మోకాలు మడవకుండా అరచేతులు నేలకు ఆనతాయి. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఈ వదులుతనం ఎక్కువ. డాక్టర్లు 9 పాయింట్ల బైటన్ పరీక్షతో కొలుస్తారు, 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జాగ్రత్త పడమంటారు. అందరూ మెచ్చుకునేది ఆవిణ్ణే. ఎక్కువ జాగ్రత్త కావలసిందీ ఆవిడకే. చేతుల మీద బరువు పడే ప్రతి ఆసనంలో మోచెయ్యి వెంట్రుకవాసి మడిచి ఉంచాలి, మోకాలు వెనక్కి నెట్టకుండా తొడ కండరం బిగించాలి. ఆవిడ అది చెయ్యకుండా అందంగా కనిపిస్తుంది, మిగతావాళ్లు ఆ అందం కోసం పోటీ పడతారు.

శారద: ఈ మాట కాదనను. ఇక్కడ చూపు అడ్డదారి పడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ఇంకో సంగతి చూడు. యోగా నేర్పిన ఇంద్రాదేవి పేరు ఎందుకు గుర్తుంది? మైసూరులో యోగా గురువు కృష్ణమాచార్యులు ఆమెకు నేర్పడానికి మొదట ఒప్పుకోలేదు. మహారాజు కల్పించుకున్నాక 1930ల చివర్లో నేర్చుకుంది, 1940ల చివర్లో హాలీవుడ్‌లో సొంతంగా శిక్షణ కేంద్రం తెరిచింది. అంతకుముందు ఆ గడప దాటిన ఆడవాళ్లు ఎందరు? ఒకరు దాటితే పదిమంది దాటతారు.

నళిని: గడప దాటడానికి స్ఫూర్తి కావాలి, సరే. లోపలికొచ్చాక కావలసింది గురువు కన్ను.

శారద: గురువు కన్నుకు కనిపించనివి ఉంటాయి. గీతా అయ్యంగార్ చిన్నతనంలో మూత్రపిండాల జబ్బుతో బాధపడి, యోగా గురువైన తండ్రి బి.కె.ఎస్. అయ్యంగార్ దగ్గర సాధన చేసి కోలుకుంది. నెలసరి రోజులకూ గర్భానికీ సరిపడే క్రమాలను స్త్రీల కోసం ప్రత్యేకంగా తీర్చింది ఆవిడే. దగ్గితే రెండు చుక్కలు మూత్రం పడుతోందని ఎవరు ఎవరికి చెబుతారు? బాలింత ఇంకో బాలింతకే చెబుతుంది. రెండోది ‘నాకూ అంతే’ అన్న క్షణాన అది దాచుకోవలసిన విషయం కాకుండా పోతుంది. ‘కాన్పు తర్వాత అంతేలే’ అని సర్దుకోకుండా ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపే వీలు అప్పుడే వస్తుంది. శిక్షకుడు వరస అంతా కళ్లారా చూసినా ఈ ఒక్క ముక్క ఆయన చెవిన పడదు.

నళిని: ఆ ‘నాకూ అంతే’ తర్వాతి మాటే నాకు భయం. ‘నేను కాన్పైన మూడో నెలకే, కాళ్లూ వీపూ ఎత్తి పడవలా కూర్చునే నావాసనం వేశాను, పొట్ట తగ్గింది, నువ్వూ వెయ్యి’ అంటుంది. విన్నావిడకు పొట్ట కండరాల మధ్య ఎడం ఇంకా పూడలేదనుకోండి, బలం రావడానికి బదులు మధ్యగీత పొడవునా ఉబ్బు లేస్తుంది. ముందు డాక్టరు వ్యాయామానికి సరే అనాలి. ఆ తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, వేళ్లు బొడ్డుకు పైనా కిందా అడ్డంగా పెట్టి, తల కొంచెం లేపి చూడాలి. రెండు వేళ్లు దిగేంత ఎడం ఉంటే, లేదా ఉబ్బు కనిపిస్తే నావాసనం, పూర్తి ప్లాంక్ (చేతులూ కాలివేళ్ల మీద ఒళ్లంతా కర్రలా నిలపడం) పక్కన పెట్టాల్సిందే. ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోపలికి తీసుకుంటూ కటి కండరాలను, అంటే మూత్రాన్ని ఆపే కింది కండరాలను, పైకి బిగించడం, మడమలు ఒక్కొక్కటిగా నేల మీద జరపడం, అంతవరకే.

శారద: ఆ ఉబ్బు ఎలా ఉంటుందో చూపించేది కూడా సాటి బాలింతే కదా.

నళిని: చూపిస్తే మంచిదే. నేనంటున్నది చిట్కాల గురించి. మెనోపాజ్ దాటినవాళ్ల సంగతి చూడండి. ఎముకలు గుల్లబారిన ఆవిడ స్నేహితురాలిని చూసి, కాళ్లను తల వెనక నేలకు తాకించే హలాసనానికి తయారవుతుంది. వెన్నును బలంగా ముందుకు వంచితే పూసలు నలిగిపోయే ప్రమాదం ఉంది. కుర్చీ వీపు మీద చేతులు ఆనించి, వెన్ను చాపి, తుంటి దగ్గర మాత్రమే వంగితే చాలు. పైగా సాగదీయడంతో ఎముకకు ఒరిగేది తక్కువ. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, 2 రోజులు కండరాల బలానికి వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రెండు రోజుల బరువుల మాట యోగా గుంపుల్లో ఎంతమంది ఎత్తుతారు?

శారద: డెబ్బై ఏళ్లావిడ బరువు ఎత్తడం చూస్తే ఎత్తుతారు. దాన్నే నేను స్ఫూర్తి అంటున్నాను. నీ భయానికి నా దగ్గరున్న ఉపాయం జతలు కట్టడం. ఒకరు ఆసనంలో 5 ఊపిర్లు ఉంటారు, ఇంకొకరు పక్క నుంచి చూస్తారు. ముందు పాదం, తర్వాత మోకాలు, చివర్లో నడుము. చూసినావిడ సలహా ఇవ్వకూడదు, ఒక్క ప్రశ్నే అడగాలి: ‘ఎక్కడ లాగుతోంది?’ అడగకుండా చెయ్యి వెయ్యకూడదు. ఊపిరి బిగిసిందని కనిపిస్తే ఆ మాట చెప్పాలి, ఆవిడ ఆసనం విప్పేయాలి. తర్వాత స్థానాలు మార్చుకుంటారు.

నళిని: సలహా ఇవ్వకూడదన్న షరతు నాకు నచ్చింది. కానీ మోచేతులు మడిచి ఒళ్లంతా నేలకు సమాంతరంగా నిలిపే చతురంగ దండాసనంలో భుజాలు మోచేతుల కిందికి జారిపోతుంటే ఆ చూసేవాళ్లకు తెలియదు, భుజం ముందు భాగం దెబ్బతింటుంది. మోకాళ్లు నేల మీద పెట్టించాల్సింది నేనే. అందుకే నా తరగతిలో మొదటి 6 వారాలు అందరి మ్యాట్లూ గోడవైపు. తన పాదం తనకు తెలిశాకే జతలు.

శారద: కొత్తవాళ్లకు సరే. బాలింతలకు మాత్రం ఆ 6 వారాలు ఒప్పుకోను. వాళ్లను మొదటిరోజే గుండ్రంగా కూర్చోబెడతాను.

నళిని: కూర్చోబెట్టండి అక్కా. ఒక్కొక్కరికీ వేళ్ల పరీక్ష అయ్యేదాకా ఆ గుండ్రంలో నావాసనం పేరు మాత్రం ఎవరినీ ఎత్తనివ్వకండి.