సాంత్ షాపెల్ గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌లో నిజమెంత?

"ప్యారిస్‌లో ఇనుము వాడకుండా ఒట్టి గాజుతో కట్టిన గుడి, 1248 నుంచి ఒక్క అద్దం కూడా మారలేదు, యేసు ముళ్ల కిరీటం ఇప్పటికీ అందులోనే ఉంది, దాన్ని కట్టడానికే రాజు ఖజానా ఊడ్చేశాడు" అంటూ ఒక ఫోటో తెగ షేర్ అవుతోంది. ఫోటో సాంత్ షాపెల్‌దే. రాసిందే తప్పు.

ముందు ఇనుము సంగతి. పై అంతస్తు చుట్టూ ఇనప కడ్డీలను గొలుసులా బిగించారు, అవి కిటికీలకు అడ్డంగానే పోతాయి కానీ అద్దాలను పట్టి ఉంచే కమ్మీల్లో కలిసిపోవడంతో మన కంటికి ఆనవు. కప్పు బరువును మోసేది బయట వైపు నిలబెట్టిన రాతి స్తంభాలు. 15 మీటర్ల ఎత్తు కిటికీలు పెట్టి గోడే లేదనిపించడం వెనక ఆ కమ్మరుల, రాతి పనివాళ్ల లెక్క ఉంది. ఇనుమే లేదంటే వాళ్ల పనిని తుడిచేసినట్టే, నాకు కోపం వచ్చేది అక్కడే.

ఒక్క అద్దం మారలేదా? 15 కిటికీల్లో 1,113 దృశ్యాలున్నాయి, వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు 13వ శతాబ్దపు గాజే, ఇంతకాలం అంత మిగలడం మామూలు విషయం కాదు. మిగతాది తర్వాత పెట్టిందే. ఫ్రెంచ్ విప్లవం తర్వాత ఈ గుడిని కోర్టు రికార్డులు దాచే గదిగా వాడారు, బీరువాల కోసం కిటికీల కింది భాగంలో సుమారు 2 మీటర్ల మేర అద్దాలు తీసేశారు. 19వ శతాబ్దంలో పెద్ద ఎత్తున బాగుచేయించారు, ఇప్పుడు పైన కనిపించే శిఖరం కూడా 1850లలో కట్టిందే. పడమటి వైపు గుండ్రటి కిటికీ అయితే 15వ శతాబ్దం చివరిది, ఈ గుడి కట్టించిన తొమ్మిదో లూయీ రాజు కాలానికి రెండు వందల ఏళ్లకు పైగా తర్వాతది.

కిరీటం అక్కడ లేదు. 1806 నుంచి ప్యారిస్‌లోనే ఉన్న పెద్ద చర్చి నోత్ర్ దామ్‌లో ఉంటూ వచ్చింది, 2019 ఏప్రిల్ మంటల్లోంచి దాన్ని బయటికి తెచ్చి కాపాడారు. సాంత్ షాపెల్‌లో దాన్ని ఉంచిన పెద్ద పేటికను విప్లవకాలంలోనే కరిగించేశారు.

ఇక ఖర్చు. కాన్‌స్టాంటినోపుల్‌ను (నేటి ఇస్తాంబుల్) ఏలుతున్న రెండో బాల్డ్విన్ కొలువులోని ప్రభువులు ఆ కిరీటాన్ని వెనిస్ వర్తకుల దగ్గర తాకట్టు పెడితే, తొమ్మిదో లూయీ విడిపించి 1239లో ప్యారిస్‌కు తెప్పించాడు. దానికి 1,35,000 లీవ్రులు (అప్పటి ఫ్రెంచ్ డబ్బు), గుడి కట్టడానికి సుమారు 40,000. అంటే గుడికన్నా కిరీటానికే మూడింతలకు పైగా పెట్టాడు.